మెక్‌లెమోర్ వీధిలో వాలు నేల

బీల్ స్ట్రీట్‌లో ఒక గోడ ఉంది. పాత ఇటుకల ఎత్తైన గోడ. కిటికీలు, వాటి మీద కమానులు, అంచుల వెంట చెక్కడపు పని అన్నీ ఉన్నాయి. ఇల్లు మాత్రం లేదు. పడిపోకుండా ఉక్కు దూలాలు ఆనించి ఆ ముఖాన్ని అలా నిలబెట్టారు. తలెత్తి పై కిటికీల్లోకి చూస్తే అవతల ఆకాశం కనిపిస్తుంది. గలీనా భవనం అని దాని పేరు. మెంఫిస్ చూడవచ్చినవాళ్లు దాని ముందు ఫొటో దిగి, పాట వినిపిస్తున్న వైపు నడిచిపోతారు. నన్నడిగితే ఈ ఊరు చూడటం ఆ గోడ దగ్గరే మొదలుపెట్టాలి.

ఇన్ని పాటలు పుట్టిన ఊళ్లో, అవి పుట్టిన చోట్లు ఏవి మిగిలాయా అని వెతుక్కుంటూ తిరిగితే, మిగిలినవాటికన్నా పోయినవే ఎక్కువ తగులుతాయి. అవి వరదకో గాలివానకో పోయినవి కావు. ఎక్కువ భాగం ఊరే కూల్చుకుంది. తర్వాత కొన్నిటిని ఎంతో ఖర్చు పెట్టి మళ్లీ కట్టుకుంది.

మెంఫిస్ మిసిసిపీ నది ఒడ్డున, టెనెసీ రాష్ట్రానికి నైరుతి మూల ఉంటుంది. 1819లో వెలిసింది. నైలు ఒడ్డునుండిన ప్రాచీన ఈజిప్టు నగరం పేరే దీనికీ పెట్టుకున్నారు. పత్తి ఊరు. దిగువనున్న డెల్టా పొలాల పత్తి ఇక్కడికొచ్చి, ఫ్రంట్ స్ట్రీట్ కొట్లలో బేరమై, బేళ్లుగా రేవు దాటేది. పత్తి వచ్చిన దారినే పత్తి ఏరిన మనుషులూ వచ్చారు. పొలంలో పాడుకున్నవి, చర్చిలో పాడుకున్నవి వాళ్ల వెంటే వచ్చాయి.

1878లో ఎల్లో ఫీవర్ ఈ ఊరిని ఊడ్చేసింది. అయిదు వేల మందికి పైగా పోయారు. పారిపోగలిగినవాళ్లంతా పారిపోయారు. మరుసటి ఏడు నగరపాలన హోదానే పోయింది. నేల చవకైన ఆ రోజుల్లో దాన్ని కొన్నవాడు రాబర్ట్ చర్చ్. బానిస తల్లికి పుట్టి, పడవల్లో పనిచేస్తూ పెరిగినవాడు. నల్లవాళ్లకు ఊళ్లో కూర్చోవడానికి ఒక పార్కైనా లేదని, 1899లో బీల్ స్ట్రీట్‌లో తన స్థలంలో తానే పార్కు వేయించి, పక్కన పెద్ద సభాభవనం కట్టించాడు. తర్వాత కొన్నేళ్లకు డబ్ల్యూ. సి. హ్యాండీ బృందం అక్కడ వాయించింది. హ్యాండీ అప్పటికి చదువుకున్న బ్యాండ్ మాస్టరు. పొలాల్లో, రైలు స్టేషన్లలో విన్న బాణీలను స్వరపరిచి కాగితం మీదికెక్కించాడు. 1912లో అచ్చయిన ‘మెంఫిస్ బ్లూస్’తో ఆ సంగీతానికి ఊరూరా పేరొచ్చింది. అతను కొద్ది డాలర్లకే హక్కులమ్ముకున్నాడు, కొన్నవాళ్లు బాగుపడ్డారు.

రాబర్ట్ చర్చ్ ఇల్లు లాడర్‌డేల్ స్ట్రీట్‌లో ఉండేది. ఊళ్లో పేరున్న పెద్ద భవంతి. ఇప్పుడు లేదు. 1953లో ఊరి అధికారులే, అగ్నిమాపక దళం మంటలార్పడం జనానికి చూపిస్తుందని చెప్పి, దానికి నిప్పుపెట్టారు. అప్పటికి చర్చ్ పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ కుటుంబం రాజకీయంగా ఊరి పెద్దలకు ఎదురు నిలిచింది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఇంటిని కూల్చడం వేరు, పది మందిని పిలిచి చూపిస్తూ తగలబెట్టడం వేరు.

నేను మెంఫిస్ మొదట చూసింది 1990ల చివర్లో. మా తమ్ముడు అక్కడ చదువుకుంటున్న రోజులు. వాడి కారు పాతది. హీటరు పనిచేసేది కాదు గానీ క్యాసెట్ ప్లేయరు బ్రహ్మాండంగా పాడేది. ఓటిస్ రెడ్డింగ్ క్యాసెట్ ఒకటి అందులో ఎప్పుడూ ఉండేది. ఇంగ్లీషు పాటలంటే నాకు అంతవరకూ పెద్దగా తెలియదు. ఆ గొంతులో తడి ఉంది. మాట అర్థం కాకముందే బాధ అర్థమయ్యేది. “ఈయన పాడిన స్టూడియో ఈ ఊళ్లోనే, అక్కా,” అన్నాడు తమ్ముడు. చూపించమన్నాను. “చూపిస్తాగానీ, అక్కడేం లేదు,” అన్నాడు.

నిజంగానే ఏమీ లేదు. ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో, 926 నంబరు ఉండాల్సిన చోట, మోకాలెత్తు గడ్డి పెరిగిన ఖాళీ స్థలం. సీసా పెంకులు. రోడ్డు పక్కన ఒక స్తంభం మీద రాష్ట్రప్రభుత్వం పెట్టిన ఫలకం: ఇక్కడ స్టాక్స్ రికార్డ్స్ ఉండేదని. చుట్టుపక్కల సగం కొట్లకు చెక్కలు కొట్టి ఉన్నాయి. ఫలకం చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఏం చేయాలో తోచక కాసేపు గడ్డిలో నడిచాం.

ఆ స్థలంలో ఏముండేదో చెప్పాలి.

జిమ్ స్టూవర్ట్ బ్యాంకు గుమాస్తా, సాయంత్రాలు ఫిడేలు వాయించుకునేవాడు. పల్లెటూరి శ్వేతజాతీయుల పాటలు తప్ప వేరే సంగీతంతో పరిచయం లేనివాడు. అతని అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్‌దీ బ్యాంకు ఉద్యోగమే. తమ్ముడికి రికార్డింగ్ యంత్రం కొనిపెట్టడానికి ఆమె తన ఇంటిని తాకట్టు పెట్టింది. 1960లో వాళ్లు మెక్‌లెమోర్‌లో మూతబడిన క్యాపిటల్ థియేటర్ అనే సినిమా హాలును చవగ్గా అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు. తెర ఉండిన వేదిక మీద కంట్రోల్ రూము పెట్టారు. గోడలకు దళసరి పరదాలు వేలాడగట్టారు. నేలను చదును చేయడానికి డబ్బు చాలలేదు. సినిమా హాలు నేల కదా, వెనకనుంచి ముందుకు వాలుగా ఉండిపోయింది. మన ఊళ్లలో పాత సినిమా హాళ్లను కల్యాణ మండపాలు చేసినప్పుడు, బంతిలో కూర్చున్నవాళ్ల విస్తట్లో పప్పుచారు ఒకవైపుకే జారుతుంటుంది చూడండి, అలాంటి నేల. డ్రమ్స్, పియానో, శాక్సఫోన్లు అన్నీ ఆ వాలు మీదే.

ఎదురుబొదురుగా సమాంతరంగా ఉండే నేల, కప్పు శబ్దాన్ని ఒకలా తిప్పి కొడతాయి. ఒకటి వాలుగా ఉంటే మరోలా తిప్పుతాయి. అంత పెద్ద ఖాళీలో డ్రమ్ము మోత గుండెకు తగిలేటంత దిట్టంగా, కొంచెం ఆలస్యంగా వినిపించేది. తర్వాత రోజుల్లో పెద్ద పెద్ద స్టూడియోల వాళ్లు ఆ ధ్వని కోసం ఎంతో తంటాలు పడ్డారు. ఇక్కడ అది డబ్బు లేక వచ్చింది.

హాలు ముందు, ఒకప్పుడు మిఠాయిలమ్మిన గదిలో ఎస్టెల్ రికార్డుల కొట్టు పెట్టింది. స్టూడియో అద్దె గడవడానికి పెట్టిన కొట్టు. నా దృష్టిలో మెంఫిస్ పోగొట్టుకున్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ చిన్న కొట్టే. బడి అయిపోగానే ఆ పేటలోని నల్లజాతి పిల్లలు అందులోకి వచ్చేవాళ్లు. కొనేదుందో లేదో, గంటలకొద్దీ వినేవాళ్లు. ఆమె పొమ్మనేది కాదు. ఏ రికార్డుకు పిల్లల కాళ్లు ఆడుతున్నాయో, ఏది సగంలో తీసేయమంటున్నారో గమనించి, లోపల వాయించేవాళ్లకు చెప్పేది. కొట్టుకు, స్టూడియోకు మధ్య ఒకటే తలుపు. ఆ తలుపు దాటినవాళ్లలో బుకర్ టి. జోన్స్ ఒకడు. ఇంకా హైస్కూలు కుర్రాడు. రూఫస్ థామస్, అతని కూతురు కార్లా పాడుతున్న పాటకు బారిటోన్ శాక్సఫోన్ కావాల్సివస్తే, క్లాసులోంచి పిలిపించుకొచ్చారు. ఎదుటి సరుకుల కొట్లో పనిచేస్తూ వచ్చినవాడు డేవిడ్ పోర్టర్. అతనితో కలిసి పాటలు రాసిన ఐజాక్ హేస్ అంతకుముందు మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో కూలి. ఓటిస్ రెడ్డింగ్ అయితే 1962లో వేరే వాయిద్యగాడికి డ్రైవరుగా జార్జియా నుంచి వచ్చాడు. రికార్డింగ్ ముందే ముగిసి కొంత సమయం మిగిలితే, ఒక్క పాట పాడనివ్వమని అడిగాడు. పాడించారు.

1962లోనే, ఎవరో గాయకుడి కోసం ఎదురుచూస్తూ ఊరికే వాయించుకున్న బాణీ ‘గ్రీన్ ఆనియన్స్’ అయింది. దాన్ని వాయించిన నలుగురిలో ముగ్గురు నల్లవాళ్లు, ఒకడు తెల్లవాడు. ఈ మాట ఇప్పుడు మామూలుగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ నలుగురూ ఊళ్లో దాదాపు ఏ హోటల్లోనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేరు. స్టూడియో తలుపు లోపల కలిసి వాయించి, బయట వేరు వేరు దారుల్లో పోవాలి.

స్టాక్స్ పతనం నిదానంగా, మెట్టు మెట్టుగా జరిగింది. 1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లో మంచునీళ్ల చెరువులో విమానం కూలి ఓటిస్ రెడ్డింగ్ పోయాడు, అతనితోపాటు బార్-కేస్ బృందంలోని కుర్రాళ్లూ పోయారు. అతనికి ఇరవయ్యారేళ్లు. కొద్ది రోజుల ముందే రికార్డు చేసిన ‘డాక్ ఆఫ్ ద బే’ పాట అతను పోయాక దేశంలో మొదటి స్థానానికెక్కింది. మరుసటి ఏడాది తేలిన సంగతి ఇంకొకటి. రికార్డులు పంపిణీ చేసే న్యూయార్క్ కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందంలో, అంతవరకూ చేసిన పాటల అసలు టేపులన్నీ ఆ కంపెనీవేనని రాసి ఉంది. జిమ్ స్టూవర్ట్ ఆ కాగితాన్ని పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాడు. నమ్మకం మీద నడిచిన మనిషి. అయినా నిలదొక్కుకున్నారు. ఐజాక్ హేస్ ‘షాఫ్ట్’ పాటకు ఆస్కార్ తెచ్చాడు. 1975 డిసెంబరులో మాత్రం దివాలా తప్పలేదు. 1981లో ఆ భవనం ఒక చర్చికి పది డాలర్లకు దక్కింది. 1989లో కూల్చేశారు. అక్కడ ఏదో కడతామన్నారు, కట్టలేదు. నేను నడిచిన గడ్డి అదే.

ఈ మధ్య మళ్లీ వెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పుడు మెంఫిస్ శివార్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. కొరియర్ కంపెనీ సాఫ్ట్‌వేర్లోనో, ఆసుపత్రుల్లోనో పని. వాడు నన్ను నేరుగా స్టాక్స్ మ్యూజియంకు తీసుకెళ్లాడు. 2003లో పాత స్థలంలోనే, పాత ఫొటోలు చూసుకుంటూ, అదే ముఖద్వారం, అవే ఎర్ర అక్షరాల బోర్డుతో మళ్లీ కట్టారు. లోపల స్టూడియోలో నేల కూడా కొలిచి మరీ వాలుగా వేశారు. “చూశావా అత్తా, అచ్చం పాతదానిలాగే!” అన్నాడు వాడు. వాడి ఉత్సాహం చూసి ఔనన్నాను. ఆ వాలు మీద నిలబడ్డాను కూడా. మొదటిసారి డబ్బు లేక మిగిలిపోయిన వాలు, రెండోసారి డబ్బు పెట్టి వేయించిన వాలు. రెండింటినీ ఒకటనుకోలేకపోయాను గానీ, కట్టినవాళ్ల మీద నాకు గౌరవమే. ఎందుకంటే వాళ్లు మ్యూజియంతో ఆగలేదు. పక్కనే సంగీతపాఠశాల పెట్టారు, అది మ్యూజియం కంటే ముందే మొదలైంది. ఆ పేట పిల్లలు బడి అయ్యాక అక్కడికొచ్చి వాయిద్యాలు నేర్చుకుంటారు. ఎస్టెల్ 2004లో పోయింది, అంటే ఈ తలుపులు తెరవడం చూసే పోయింది. జిమ్ స్టూవర్ట్ ఎన్నో ఏళ్లు జనానికి దూరంగా ఉండి, ముసలితనంలో ఒకరోజు వచ్చి తన ఫిడేలు మ్యూజియంకు ఇచ్చి వెళ్లాడు. 2022లో పోయాడు.

అక్కడినుంచి నడిచేంత దూరంలో, లూసీ అవెన్యూలో, అరీతా ఫ్రాంక్లిన్ 1942లో పుట్టిన చిన్న చెక్క ఇల్లుంది. కూల్చేయాలన్న నోటీసుల దాకా వెళ్లి, చివరి క్షణంలో ఆగింది. కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్న ఆ ఇంటి ముందు టికెట్టు కౌంటరు లేదు.

బీల్ స్ట్రీట్ కథ ఇంకా పెద్దది. ఆ వీధిలో ప్యాలెస్ థియేటర్ ఉండేది. మంగళో బుధో, వారంలో ఒక రాత్రి ఎవరైనా వేదికెక్కి పాడొచ్చు. పాడినవాడికల్లా ఒక డాలరు ఇచ్చేవారని, ఆ డాలరు కోసమే తాను వెళ్లేవాడినని బి.బి. కింగ్ చెప్పుకునేవాడు. ఆ పోటీలు నడిపిన నాట్ డి. విలియమ్స్ పగలు హైస్కూలు చరిత్ర మాస్టారు. 1948 అక్టోబరులో బడి వదిలాక నేరుగా డబ్ల్యూడీఐఏ రేడియో స్టేషనుకు వెళ్లి మైకు ముందు కూర్చున్నాడు. అప్పట్లో దక్షిణాదిలో ఒక నల్లవాడి గొంతు అలా కార్యక్రమం నడుపుతూ వినిపించడం చాలా అరుదు. కొద్ది నెలల్లో ఆ స్టేషను కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే అయ్యాయి. 1954లో 50,000 వాట్లకు పెరిగి డెల్టా అంతటా వినిపించింది. బి.బి. కింగ్ అక్కడే పెప్టికాన్ అనే టానిక్కుకు ప్రకటన పాడుతూ మొదలయ్యాడు. మాస్టారి శిష్యుడు రూఫస్ థామస్ బట్టల మిల్లులో షిఫ్టు ముగించుకుని వచ్చి రేడియోలో కూర్చునేవాడు. తప్పిపోయిన గొడ్ల సంగతి, పోగొట్టుకున్న వస్తువుల సంగతి కూడా ఆ రేడియోలోనే చెప్పేవారట. పాటకూ బతుకుకూ మధ్య గోడ లేని రోజులు.

ప్యాలెస్ ఇప్పుడు లేదు. హ్యాండీ కూర్చుని పాటలు రాశాడంటారే, ఆ పీ-వీ సెలూన్ అనే బారు లేదు. తాకట్టు కొట్లు లేవు. పళ్ల డాక్టర్లు, ఫొటో స్టూడియోలు, బీమా ఆఫీసులు, దర్జీ కొట్లు ఉండే వీధి అది. నల్లవాళ్లు పనులన్నీ చక్కబెట్టుకోగల ఒకే వీధి. 1966లో జాతీయ చారిత్రక స్థలమని ప్రకటించారు. ఆ తర్వాతే, పట్టణ పునర్నిర్మాణం పేరుతో చుట్టుపక్కల వందలాది భవనాలు నేలమట్టం చేశారు. జనం చెల్లాచెదురయ్యారు. వీధికి రెండు వైపులా మిగిలిన కొన్ని ముఖాలకు చెక్కలు కొట్టి, కంచెలు వేసి ఏళ్ల తరబడి వదిలేశారు. 1876 నుంచీ ఉన్న ష్వాబ్ అనే బట్టల, సామాన్ల కొట్టు ఒక్కటే తలుపు మూయకుండా నిలిచింది. ఆ మెట్లెక్కితే ఇప్పటికీ చెక్క నేల కిర్రుమంటుంది. 1983లో వీధిని మళ్లీ తెరిచారు: బార్లు, నియాన్ దీపాలు, కాలిబాటలో పాటగాళ్ల పేర్లు చెక్కిన ఇత్తడి స్వరాలు. సాయంకాలం అక్కడ వినిపించే సంగీతం మంచిదే. వాయించేవాళ్లు చేయి తిరిగినవాళ్లు. వాళ్లనేమీ అనను. వీధిలో ఇప్పుడు నివాసం ఉండేవాళ్లు ఎవరని మాత్రం అడగాలనిపిస్తుంది.

ఫర్రీ లూయిస్ గురించి చెప్పకుండా ఈ వీధి దాటలేను. కుర్రతనంలో రైలెక్కబోతూ కాలు పోగొట్టుకున్నాడు. 1920ల చివర్లో కొన్ని రికార్డులిచ్చాడు, అద్భుతమైనవి. తర్వాత అమ్మకాలు లేక కంపెనీలు మరచిపోయాయి. నగరపాలక సంస్థలో వీధులూడ్చే పనిలో చేరాడు. చెక్క కాలితో దశాబ్దాలపాటు ఊడ్చాడు. ఊడ్చిన వీధుల్లో బీల్ స్ట్రీట్ కూడా ఉంది. తాను గిటారు వాయించిన గుమ్మాల ముందు చెత్త తానే ఎత్తాడు. ముసలితనంలో మళ్లీ ఎవరో వెతికి పట్టుకున్నాక పెద్ద పెద్ద వేదికలెక్కాడు. అదే వీధి మనిషి గస్ కానన్. ఖాళీ జాడీ మూతి దగ్గర పెదవులు పెట్టి ఊది, బేస్ వాయిద్యంలా పలికించే జాడీ బృందాలు మెంఫిస్‌లో వెలిగిన కాలం ఉంది. వాయిద్యం కొనే స్తోమత లేనివాళ్ల ఉపాయం. కానన్ ఆ విద్యలో దొడ్డవాడు. 1929లో తాను రికార్డు చేసిన పాటను 1963లో వేరెవరో పాడి దేశమంతా మోగించేనాటికి, అతను చలికి బొగ్గులు కొనుక్కోవడానికి బాంజో తాకట్టు పెట్టుకుని ఉన్నాడట. అప్పుడు స్టాక్స్ వాళ్లు పిలిచి అతనితో ఒక ఆల్బం చేయించారు. ఎనభయ్యోపడికి చేరువలో ఉన్న ఆ ముసలాయన ఆ వాలు నేల మీద కూర్చుని పాడాడన్న సంగతి తలచుకుంటే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

సన్ స్టూడియో అందరూ చూసేదే, చూడదగ్గదే. యూనియన్ అవెన్యూలో మూల మీది చిన్న భవనం. 1950లో శామ్ ఫిలిప్స్ తెరిచాడు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు కూడా రికార్డు చేసి పొట్టపోసుకునేవాడు. 1951లో ‘రాకెట్ 88’ వాయించడానికి వస్తున్న కుర్రాళ్ల ఆంప్లిఫయర్ దారిలో దెబ్బతింటే, చిరిగిన స్పీకర్‌లో కాగితాలు కుక్కి అలాగే కానిచ్చాడు. ఆ గరగర శబ్దమే కొత్త సంగీతానికి గుర్తయింది. 1954లో ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ పాడాడు. ఆ తర్వాత కథ అందరికీ తెలుసు. ఫిలిప్స్ పెద్ద స్టూడియోకు మారాక ఈ గదులు వేరే వ్యాపారాలకు పోయి, చాలాకాలం పట్టించుకునేవారు లేక పడి ఉన్నాయి. 1987లో మళ్లీ స్టూడియో అయింది. కప్పుకు కొట్టిన పలకలు ఆనాటివేనంటారు. అది అదృష్టం. థామస్ స్ట్రీట్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోకు ఆ అదృష్టం పట్టలేదు. ఎల్విస్ 1969లో ‘సస్పిషస్ మైండ్స్’ పాడింది అక్కడ. కొద్ది ఏళ్లలో ఎన్నెన్నో హిట్లిచ్చిన గది, ఆనవాలు లేకుండా పోయింది. ఎల్విస్ ఇల్లు గ్రేస్‌లాండ్ మాత్రం సోఫా గుడ్డలతో సహా పదిలంగా ఉంది. దానికి జనం కొరత ఎన్నడూ లేదు కనుక నేను వేరే చెప్పనక్కర్లేదు.

లొరెయిన్ మోటెల్ దగ్గర నేను ఎక్కువసేపు ఉండలేను, ఉండకుండా రాలేను. మల్బరీ స్ట్రీట్‌లో దాన్ని 1945లో వాల్టర్ బెయిలీ కొని, భార్య లోరీ పేరు కలిసేలా లొరెయిన్ అని పెట్టాడు. ఆమె వంటకు పేరు. ఇతర హోటళ్లలో చోటు దొరకని కౌంట్ బేసీ, రే చార్లెస్, అరీతా లాంటివాళ్లంతా ఇక్కడే దిగేవారు. నలుపు తెలుపు కలిసి కూర్చుని తినగల చోటు కనుక స్టాక్స్ వాళ్లకు ఇది రెండో ఇల్లు. 1965లో గాయకుడు విల్సన్ పికెట్, స్టాక్స్ గిటారిస్టు స్టీవ్ క్రాపర్ ఒక గదిలో కూర్చుని ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ రాశారు. మరుసటేడు ఒక ఉరుముల రాత్రి, ఎడ్డీ ఫ్లాయిడ్ చిన్నప్పుడు ఉరుములకు భయపడి మంచం కింద దూరేవాళ్లమని క్రాపర్‌కు చెబుతుండగా ‘నాక్ ఆన్ వుడ్’ పుట్టింది.

1968 ఫిబ్రవరి 1న వానలో తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్తలారీ యంత్రంలో నలిగి చనిపోయారు. పదమూడు వందలమంది కార్మికులు సమ్మెకు దిగారు. నేనూ మనిషినే అని రాసిన అట్టలు మెడలో వేసుకుని క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి నుంచి ఊరేగారు. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4 సాయంత్రం 306 నంబరు గది ముందు వరండాలో నిలబడి, ఆ రాత్రి సభలో వాయించబోతున్న శాక్సఫోన్ కళాకారుడు బెన్ బ్రాంచ్‌ను కింద చూసి, తనకిష్టమైన భక్తిగీతం బాగా వాయించమని అడిగాడు. ఆ మాట తర్వాత తుపాకి పేలింది. లోరీ బెయిలీ ఆ సాయంత్రమే పక్షవాతంతో కుప్పకూలింది. కింగ్ అంత్యక్రియల రోజునే పోయింది. వాల్టర్ ఆ గదిని మళ్లీ ఎవరికీ అద్దెకివ్వలేదు. మోటెల్ మెల్లగా చితికిపోయి, 1982లో వేలానికొచ్చింది. ఊరి జనం చందాలేసుకుని కాపాడారు. 1991లో పౌరహక్కుల మ్యూజియం అయింది. వరండా కమ్మీకి పూలదండ కట్టి ఉంటుంది. ఆ గది చూడటానికి అందరూ మౌనంగా నడుస్తారు. పాటలు పుట్టిన గది ఏదో అడిగితే చెప్పగలిగినవాళ్లు నాకు దొరకలేదు. క్లేబోర్న్ టెంపుల్‌ను ఎంతో శ్రమపడి బాగుచేస్తుండగా, 2025 ఏప్రిల్‌లో మంటల్లో కూలిపోయింది. ఈ ఊరి పోయినవాటి జాబితా ఇంకా ముగియలేదు.

రాయల్ స్టూడియోస్ చూడాలని మావాణ్ని నేనే అడిగాను. వాడికి దాని పేరు కూడా తెలియదు. స్టాక్స్‌కు దక్షిణాన, మామూలు ఇళ్ల మధ్య ఉంది. ఇదీ పాత సినిమా హాలే, దీని నేల కూడా వాలే. 1950ల చివరి నుంచీ ఒక్కచోటే నడుస్తోంది. విల్లీ మిచెల్ ఇక్కడే అల్ గ్రీన్‌తో ఆ మెత్తటి పాటలన్నీ పాడించాడు. అతని గొంతుకు కుదిరిన మైకు మీద 9 అంకె రాసి పక్కనుంచారు. ధ్వని మారిపోతుందేమోనన్న భయంతో గోడల మీది గోనెగుడ్డ మార్చనివ్వలేదు. సామాను జరపనివ్వలేదు. 2010లో ఆయన పోయాక మనవడు బూ మిచెల్ నడుపుతున్నాడు. ఇప్పటి కుర్రకారు వినే ‘అప్‌టౌన్ ఫంక్’ పాటలో కొంత భాగం ఇక్కడిదే. ఆ సంగతి చెప్పగానే మావాడు కారు వేగం పెంచాడు.

వీధికి ఇప్పుడు విల్లీ మిచెల్ పేరే పెట్టారు. భవనానికి ఆడంబరమేమీ లేదు. చూసినవాళ్లు గోడౌను అనుకుంటారు. తలుపు వేసి ఉంది. తట్టాం. వచ్చినతను మర్యాదగానే చెప్పాడు, లోపల రికార్డింగ్ జరుగుతోంది, ఇప్పుడు కుదరదని. మావాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. “ఇంతదూరం వచ్చి వెనక్కెళ్లాలా అత్తా?” అన్నాడు. వాడికి నా సంతోషం ఎలా చెప్పాలో తెలియలేదు. ఊరంతా టికెట్టు కొని, మనుషులు వెళ్లిపోయిన గదులు చూస్తూ తిరిగాను. ఇక్కడ వాళ్లకు పనుంది, నాకు చోటు లేదు.

ఆరు దాటాక రమ్మన్నారు. సరేనన్నాం.